సముద్రతీరము - తులాధారుని త్రాసు

పురుషార్థ చతుష్టయంలో కామానికి కూడ మన పెద్దలు స్థానం కల్పించారు. ధర్మార్థాలను దాటి రాకుండా దానిని మూడవ స్థానంలో నిలిపారు గాని, వెలివేయలేదు. ఏడాది పొడుగునా ఉద్యోగ వ్యాపారాలలో నలిగిన గృహస్థుడు భార్యాబిడ్డలతో ఏడు రాత్రులు ఒక సముద్రతీరాన గడపాలనుకోవడం ధర్మవిరుద్ధమైన కోరిక కాదు. సాధకుడైనా గృహస్థాశ్రమంలో ఉన్నంతవరకు ఆశ్రితుల అలసటను గమనించవలసినవాడే. ఇంగ్లాండులో నివసించే మావంటి కుటుంబాలకు ఈ చిన్న కోరిక యొక్క మూల్యం ఏటేటా పెరిగిపోతూ, చివరకు ఒక ధర్మసందేహంగా పరిణమించినది. ఆ సందేహాన్ని పాఠక మహాశయుల ముందుంచుతున్నాను.

మేము దక్షిణ ఇంగ్లాండులో ఒక మధ్యతరగతి పట్టణంలో పదునాలుగేండ్లుగా ఉంటున్నాము. అమ్మాయికి పన్నెండేండ్లు, అబ్బాయికి ఎనిమిది. నా శ్రీమతి ఒక పాఠశాలలో సహాయక ఉపాధ్యాయిని. గ్రీసు దేశపు కోర్ఫూ ద్వీపంలో ఒక సాధారణమైన హోటలుకు, విమానంతో సహా, నలుగురికి ఏడు రాత్రులకు ఎంత అవుతుందో ఈ జనవరిలో చూశాను. జూన్ రెండవ వారంలో 2,140 పౌండ్లు. అదే విమానం, అదే గది, అదే అల్పాహారం ఆగస్టు మొదటి వారంలో 3,860 పౌండ్లు. మధ్యలో సముద్రం మారలేదు, ఇసుక మారలేదు. మారినదల్లా పాఠశాలల తలుపులు మూయబడటమే.

తెలుగునాట ఉన్నవారికి ఇది క్రొత్త విషయం కాదు. సంక్రాంతికి హైదరాబాదు నుండి గోదావరి జిల్లాలకు పోయే ప్రైవేటు బస్సు టిక్కెట్టు వెల ఎట్లా లేస్తుందో అందరికీ అనుభవమే. అయితే సంక్రాంతికి బస్సు అందకపోతే ఉగాదికి పోవచ్చును, బిడ్డను రెండు రోజులు బడి మాన్పించినా అడిగేవారు లేరు. ఇక్కడ అట్లా కాదు. పాఠశాల నడిచే రోజులలో సెలవు యాత్రకై బిడ్డను మాన్పించడం చట్టరీత్యా దోషం. పూర్వం ప్రధానోపాధ్యాయులు ఏడాదికి పది దినాల వరకు కుటుంబ యాత్రకు అనుమతించే వెసులుబాటు ఉండేది. 2013 సెప్టెంబరు నుండి ఇంగ్లాండులో దానిని తొలగించి, అసాధారణ పరిస్థితులలో మాత్రమే అనుమతి అన్నారు. ఐల్ ఆఫ్ వైట్ ద్వీపానికి చెందిన జాన్ ప్లాట్ అనే తండ్రి 2015లో తన కుమార్తెను బడి నడిచే రోజులలో ఫ్లోరిడా తీసుకుపోయి, జరిమానా కట్టనని న్యాయస్థానానికి ఎక్కాడు. బిడ్డ హాజరు మొత్తంమీద బాగానే ఉన్నది గనుక నేరం లేదని క్రింది కోర్టులు ఆయన పక్షం వహించాయి. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసినది. క్రమబద్ధమైన హాజరు అంటే పాఠశాల నియమానుసారమైన హాజరు అని ఆ న్యాయమూర్తులు చెప్పిన అర్థం. నియమమనే పదానికి ఆ వ్యాఖ్యానం మన మీమాంసకులకు కూడ నచ్చి ఉండేదనుకుంటాను.

జరిమానా 2024 ఆగస్టు వరకు 60 పౌండ్లు, ఇప్పుడు 80. ఇరువది ఒక్క దినాలలో కట్టకపోతే 160. ఒక్కొక్క బిడ్డకు, ఒక్కొక్క తల్లికీ తండ్రికీ విడివిడిగా. మూడేండ్లలో అదే బిడ్డ విషయంలో రెండవసారి అయితే నేరుగా 160, మూడవసారి జరిమానాతో పోదు, కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తుంది.

ఇక గణితం చూడండి. మావంటి నలుగురి కుటుంబానికి మొదటిసారి జరిమానా మొత్తం 320 పౌండ్లు. జూన్‌లో పోతే మిగిలేది 1,720. ఎంతోమంది మిత్రులు ఈ లెక్క వేసుకుని, జరిమానాను యాత్రా వ్యయంలో ఒక పద్దుగా వ్రాసుకుంటున్నారు. విమానం టిక్కెట్టు ఇంత, హోటలు ఇంత, బడికి ఇంత. వారు దుష్టులు కారు. ఏడాదికొకసారి బిడ్డల ముఖాలను ఎండలో చూడాలనుకునే సామాన్యులు. వారిని నిందించడానికి నాకు నోరు రాదు.

అయినా ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. మన ధర్మశాస్త్రాలు దండాన్ని, ప్రాయశ్చిత్తాన్ని, శుల్కాన్ని మూడు వేర్వేరు విషయాలుగా చూశాయి. దండం రాజు విధించేది, మరల ఆ పని చేయకుండా నిలిపేది. ప్రాయశ్చిత్తం కర్త తనంతట తాను స్వీకరించేది, చిత్తాన్ని శుద్ధి చేసేది. శుల్కం మాత్రం వస్తువుకు బదులుగా ఇచ్చే వెల. రేవు దాటినవాడు శుల్కం చెల్లిస్తాడు, అతనికి పశ్చాత్తాపం అక్కరలేదు, రేపు మరల దాటవచ్చును. ఎప్పుడైతే దండం కంటె లాభం ఎక్కువవుతుందో, అప్పుడు దండం తన స్వరూపం కోల్పోయి శుల్కమవుతుంది. ధర్మానికి సంబంధించిన ప్రశ్న అర్థానికి సంబంధించిన ప్రశ్నగా మారుతుంది. తండ్రి అట్లా లెక్క వేస్తుండగా ప్రక్కన కూర్చున్న బిడ్డ ఏమి నేర్చుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు. నా శ్రీమతికి ఈ లెక్క కూడ అక్కరలేదు. బడి ఉద్యోగిని గనుక బడి నడిచే రోజులలో ఆమెకు సెలవే లేదు. ఆగస్టు వెల ఆమెకు తప్పనిసరి వెల.

ఈ సందర్భంలో నాకు మహాభారతంలోని శాంతిపర్వం జ్ఞప్తికి వచ్చినది. జాజలి అనే తాపసుడు సముద్రతీర ప్రాంతంలో ఘోర తపస్సు చేశాడు. కదలని అతని జటలలో పక్షులు గూడు కట్టి, గ్రుడ్లు పెట్టి, పిల్లలను పెంచుకుని ఎగిరిపోయాయి. అంతవరకు నిశ్చలంగా నిలిచినందుకు తాను ధర్మాన్ని సాధించానని గర్వించాడు. వారణాసిలో తులాధారుడనే వర్తకునికి నీవు సాటిరావని అతనికి వినిపించినది. వెళ్ళి చూస్తే, ఆ తులాధారుడు దుకాణంలో కూర్చుని మూలికలు, సుగంధద్రవ్యాలు అమ్ముకుంటున్నాడు. తన త్రాసు సర్వభూతాలకు సమంగా ఉంటుందని, ఎవరికీ ద్రోహం చేయకుండా జీవించడమే తన ధర్మమని అతడు బోధించాడు. సముద్రతీరాన కూర్చున్న ముని, అంగడిలో కూర్చున్న వర్తకుని వద్ద ధర్మం నేర్చుకున్న కథ ఇది.

మరి తులాధారుడు నేడు విమాన టిక్కెట్లు అమ్మితే ఏమి చేసేవాడు? జూన్‌కు, ఆగస్టుకు ఒకే వెల పెట్టేవాడా? నాకట్లా తోచదు. వర్తకుని పక్షాన కూడ కొంత న్యాయమున్నది. కోర్ఫూలో హోటలు నడిపేవానికి ఆదాయం మే నుండి అక్టోబరు వరకే. తక్కిన నెలలలో గదులు ఖాళీ, అప్పుల వడ్డీ మాత్రం ఖాళీ కాదు. గ్రీసు ప్రభుత్వం 2024 నుండి బస చేసే ప్రతి రాత్రికి వాతావరణ సుంకం వసూలు చేస్తున్నది. విమానంలో ఆసనాల సంఖ్య పరిమితం. 2019 సెప్టెంబరులో థామస్ కుక్ సంస్థ కూలిపోయిన తరువాత పోటీ కూడ కొంత తగ్గినది. 1841లో లెస్టరు నుండి లఫ్‌బరో వరకు మద్యనిషేధ ప్రచారకులను ఒక షిల్లింగుకు రైలులో తీసుకుపోయిన మనిషి పేరు మీద నడిచిన సంస్థ అది! 1950లో వ్లాదిమిర్ రైట్జ్ అనే ఆయన లండను నుండి కోర్సికా ద్వీపానికి విమానం, గుడారంలో బస, భోజనం కలిపి 32 పౌండ్ల 10 షిల్లింగులకు యాత్ర నడిపాడు. సామాన్యునికి విదేశీ సముద్రతీరం అందినది అప్పటినుండే. గిరాకీని బట్టి వెల మారడం ఆనాటి అంగడిలోనూ ఉన్నదే, తులాధారునికీ తెలిసినదే. పంట తక్కువైన ఏడు మిరియాల వెల పెరగకుండా ఉంటుందా?

భేదమంతా కొనేవాని స్వాతంత్ర్యంలో ఉన్నది. మిరియాలు ప్రియమైతే మానుకోవచ్చును, మరుసటి నెల కొనుక్కోవచ్చును. ఇక్కడ కొనేవాని కాలాన్ని రాజశాసనం బిగించినది, బిగించిన ఆ కాలాన్ని చూసి అంగడి వెల పెంచినది. రెండు చేతులూ ఒకదానినొకటి ఎరుగనట్లే ఉన్నాయి. కావున దోషాన్ని వర్తకుని నెత్తిన మాత్రమే వేయడం నాకు సమంజసంగా కనబడదు. జర్మనీలో రాష్ట్రాలు వేసవి సెలవులను వేర్వేరు తేదీలలో మొదలుపెట్టుకుంటాయి. నెదర్లాండ్స్‌లో దేశాన్ని మూడు ప్రాంతాలుగా విభజించి సెలవులను ముందువెనుకలుగా ఇస్తారు. ఇంగ్లాండు మాత్రం దాదాపు అంతా ఒకేసారి తలుపులు మూసి, ఒకేసారి విమానాశ్రయానికి పరుగెడుతుంది. త్రాసు సరిచేయవలసినవారు త్రాసు పట్టుకున్నవారే కాదు, తూకపురాళ్ళు నిర్ణయించేవారు కూడ.

భారం ఎవరి మీద పడుతుందో కూడ చూడాలి. ధనికునికి 1,720 పౌండ్లు ఒక చిరాకు. మా అబ్బాయి తరగతిలో తండ్రి రాత్రిపూట గిడ్డంగిలో పనిచేసే ఒక పిల్లవాడున్నాడు. సెప్టెంబరులో బడి తెరిచిన మొదటి దినం, సెలవులలో ఎక్కడికి పోయావని అడిగే ఆనవాయితీ ఇక్కడున్నది. ఆ పిల్లవాడు నిరుడు స్పెయిన్ అన్నాడట. పోలేదని మా వానికి తెలుసు, ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం మంచిదేనా నాన్నా అని నన్ను అడిగాడు. మంచిదే అన్నాను. సత్యవ్రతం గురించి అప్పుడు ఉపన్యాసం ఇవ్వబుద్ధి కాలేదు.

అనుభవించిన సుఖాన్ని వెంటాడి వచ్చేదే రాగమని పతంజలి మహర్షి నిర్వచనం. మా పిల్లలకు కోర్ఫూ విషయంలో ఆ సుఖానుభవం కూడ లేదు, తోటివారి ఫోనులలో చూసిన నీలిమ మాత్రమే. అనుభవించని సుఖాన్ని కూడ వెంటాడే రాగం ఈ కాలపు విశేషం కాబోలు.

ఇంతవరకు వ్రాసినది లోకవ్యవహారం. మా ఇంటి సందేహం వేరొకటి. మా తండ్రిగారి తిథి శ్రావణ బహుళ షష్ఠి. నిరుడు అది ఆగస్టు మధ్యలో వచ్చినది, సెలవులు గనుక అందరమూ కాకినాడ పోయాము, ఆగస్టు వెలలు చెల్లించి. ఈ పరాభవ నామ సంవత్సరంలో జ్యేష్ఠం అధికమాసమైనది. చాంద్రమానం ఒక నెల జరిగినందువల్ల తిథి సెప్టెంబరు మొదటి వారంలో పడినది. ఇంగ్లాండు బడులు తెరుచుకునే వారమే అది. మా అమ్మాయి తాతగారి చేతిలో పెరిగినది. రెండేండ్లు ఆయన ఇక్కడికి వచ్చి మాతోనే ఉన్నారు, తెలుగు అక్షరాలు ఆయనే దిద్దించారు. ఆబ్దికానికి తానూ వస్తానని పట్టుబట్టినది. బడిలో అడిగాము. వారు మర్యాదగా విని, కర్మకాండ జరిగే దినానికి అనుమతి ఇవ్వగలమని, ప్రయాణపు దినాలకు ఇవ్వలేమని చెప్పారు. కాకినాడ పోయిరావడానికి ఒక దినం ఏపాటిది?

జరిమానా కట్టి తీసుకుపోదామని ఒక బంధువు సలహా. కోర్ఫూకు పోయేవారు కడుతుండగా పితృకార్యానికి మనం కడితే తప్పేమిటని ఆయన వాదం. వాదంలో బలమున్నది. కాని దండాన్ని వెలగా మార్చకూడదని పైన అన్ని మాటలు వ్రాసినవాడు, తన కార్యం పవిత్రమైనది గనుక తనకు మినహాయింపు ఉన్నదని ఎట్లా అనగలడు? పవిత్రత అనేది లెక్కలో ఒక అంకె కారాదు. ఈ మాట అమ్మాయికి చెప్పడం సులభం కాలేదు. ఆమె వాదించలేదు, రెండు దినాలు మాటాడలేదు.

అమ్మకు ఫోను చేస్తే, “పిల్లల బడి మాన్పించకు నాయనా. పిండం పెట్టవలసినవాడివి నువ్వు. వాళ్ళను వచ్చే వేసవికి తీసుకురా, అప్పుడు మీ నాన్న గది తలుపులు తీసే ఉంచుతాను” అన్నది. ఉప్పాడ దారి సముద్రం కోతకు మరల పాడైనదని కూడ చెప్పినది. పర్వదినాలలో తప్ప సముద్రాన్ని తాకరాదని మా నాయనమ్మ కాలంలో నియమముండేది. కార్తిక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి స్నానమాడి తిరిగివచ్చేవారు. ఆ లెక్కన ఏడు రాత్రుల తీరవాసం ఆమెకు వింతగానే తోచి ఉండేది.

కోర్ఫూ ఆలోచన విరమించాము. శ్రీమతికి నిజంగా విశ్రాంతి అవసరం. కాకినాడ ప్రయాణం కోడలికి విశ్రాంతి కాదని ఇంటింటికీ తెలిసినదే, ఎవరూ పైకి అనరు. ఆగస్టులో వేల్స్ తీరాన నాలుగు రాత్రులకు ఒక చిన్న ఇల్లు మాట్లాడుకున్నాము. అదీ చవక కాదు, నీరూ వెచ్చగా ఉండదు. వంట మాత్రం నాది.

నేను ఆగస్టు చివర ఒంటరిగా బయలుదేరుతాను. అందరూ సెలవులు ముగించుకుని ఇంగ్లాండుకు తిరిగివచ్చే సమయం గనుక పోయే విమానాలకు గిరాకీ తక్కువ, టిక్కెట్టు నిరుటి దానిలో సగానికి కొంచెం ఎక్కువ పడినది. పురోహితులవారిని అడిగాను. ఫోనులో చూడటం కర్మలో భాగం కాదు గాని, మనుమరాలు చూస్తానంటే అభ్యంతరం లేదన్నారు. కాకినాడలో కుతపకాలం మొదలయ్యేసరికి ఇక్కడ ఉదయం ఏడు దాటుతుంది. బడి గంట ఎనిమిదీ ముప్పావుకు. ఆ దినం తలస్నానానికి ఎన్ని గంటలకు లేవాలో అమ్మాయి ఇప్పుడే తన క్యాలెండరులో వ్రాసుకున్నది.