హిప్నాసిస్‌లో నాకు కనబడిన ముఖం



ఈ నెలలో మన గ్రూప్‌లోని ఇద్దరు చెల్లెళ్లు విడివిడిగా నాకు ఒకే ప్రశ్న పంపారు. "అక్కా, పరీక్షల భయం పోవడానికి హిప్నోథెరపీ చేయించుకోమంటున్నారు, వెళ్లొచ్చా?" అని. ఒక చెల్లి కరపత్రం ఫోటో కూడా పెట్టింది. "మనసు, శరీరం, ఆత్మ మూడింటికీ ఒకే చోట పరిష్కారం" అని ఉంది అందులో. ఇద్దరికీ రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నేను వెళ్లాను. కొంత మంచి జరిగింది. దాని వెనకాలే మా ఇంట్లో రక్తం కారేంత పని కూడా జరగబోయి ఆగింది. అందుకే కొంచెం పెద్ద పోస్ట్. ఓపిగ్గా చదవండి.

మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. 2022 వానాకాలంలో నాన్నకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు మాట తడబడింది, మనుషుల్ని గుర్తుపట్టలేదు. మా ఊరికి అప్పటికి రోడ్డు లేదు. 108 బండి వచ్చే చోటికి ఏడు కిలోమీటర్లు దిగాలి. వెదురు కొయ్యకు దుప్పటి కట్టి, నాన్నని డోలీలో వేసుకుని రాత్రి బయల్దేరారు. నేను టార్చ్ పట్టుకుని ముందర నడిచాను. ఆ కొయ్య కిర్రు కిర్రు అనే చప్పుడు ఒక్కటే వినబడేది. గెడ్డ దాటాక ఒకచోట డోలీ దించారు. మళ్లీ ఎత్తలేదు. అయినా ఆస్పత్రికి తీసుకెళ్లాం. మెదడుకు ఎక్కిన మలేరియా అని కాగితం మీద రాసిచ్చారు.

పదకొండో రోజుకి నేను విశాఖ హాస్టల్‌కి తిరిగొచ్చేశాను. పీజీ మొదటి సంవత్సరం, అటెండెన్స్ పోతే స్కాలర్‌షిప్ పోతుంది. ఏడవడానికి కూడా టైం లేదన్నమాట. రాత్రి ఫ్యాన్ తిరుగుతుంటే కిర్రుమనే చప్పుడు వినబడేది. ఫ్యాన్ ఆపేస్తే రూమ్‌మేట్స్ తిట్టేవాళ్లు. డిసెంబర్ సెమిస్టర్‌లో ప్రశ్నపత్రం చేతికిచ్చిన పది నిమిషాలకు గుండె దడ, చేతులు చల్లబడిపోయాయి, ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననుకున్నాను. తెల్లకాగితం ఇచ్చి బయటికొచ్చేశాను. "వీళ్లకి సీటు ఊరికే వస్తుంది, చదువు ఎక్కడొస్తుంది" అని వెనకాల ఎవరో అన్నారు. మనలో చాలామంది విన్న మాటే ఇది. ఆ రోజు మాత్రం అది నిజమే అనిపించింది నాకు. అంత దిగజారిపోయాను.

అప్పుడే ఒక ఫ్రెండ్ ఆ సెంటర్ సంగతి చెప్పింది. పేరు రాయను. ఆరు సిట్టింగులు, పదిహేను వేలు. స్కాలర్‌షిప్ డబ్బులు పది వేలు, అమ్మ సంతలో మిరియాలు అమ్మి పంపినవి ఐదు వేలు కట్టాను.

న్యాయంగా చెప్పాలి కాబట్టి ముందు మంచి చెప్తాను. మొదటి మూడు సిట్టింగులు నాకు నిజంగా పనిచేశాయి. కుర్చీలో వెనక్కి వాల్చి, కళ్లు మూసుకోమని, ఊపిరి లెక్కపెట్టమని, కాళ్ల వేళ్ల నుంచి తల దాకా ఒక్కో భాగం వదులు చేసుకోమని నెమ్మదిగా చెప్పేవారు. తర్వాత మనకి నచ్చిన చోటు ఊహించుకోమనేవారు. నేను వలిసె పూల చేను ఊహించుకునేదాన్ని. నాలుగు నెలల తర్వాత ఆ వారమే రాత్రిళ్లు నాలుగైదు గంటలు నిద్రపోయాను.

చాలామంది హిప్నాసిస్ అంటే మంత్రం అనుకుంటారు, లేకపోతే స్టేజీ మీద మనుషుల్ని ఆడించే మేజిక్ అనుకుంటారు. అది నిద్ర కూడా కాదు, స్పృహ తప్పడమూ కాదు. ధ్యాస అంతా ఒకే చోట నిలిచి, చుట్టూ ఉన్నవి పక్కకు జరిగిపోయే స్థితి. మంచి సినిమాలో మునిగిపోయినప్పుడు పక్కవాళ్లు పిలిచినా వినబడదు చూడండి, అలాంటిదే. ఆ స్థితిలో ఎదుటివాళ్లు చెప్పే మాట లోపలికి తేలిగ్గా దిగుతుంది. ఈ పేరు 1840లలో జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లాండ్ సర్జన్ వల్ల ప్రచారంలోకి వచ్చింది. అదే రోజుల్లో, ఆపరేషన్లకు ఈథర్, క్లోరోఫాం వాడటం ఇంకా రాకముందు, 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే డాక్టర్ మెస్మెరిజం పద్ధతితో రోగుల్ని ఆ స్థితిలోకి తీసుకెళ్లి ఆపరేషన్లు చేశాడు. ఇప్పటికీ నొప్పి, ఆందోళన తగ్గించడానికి దీన్ని మిగతా వైద్యంతో కలిపి వాడతారు. మందులతో తగ్గని పేగుల సమస్య ఐబీఎస్‌కి దీన్ని కూడా పరిశీలించొచ్చని బ్రిటన్‌లో 2008 నాటి వైద్య మార్గదర్శకాల్లోనే రాశారు. కాబట్టి అంతా మోసం అని నేను అనను.

తేడా వచ్చింది నాలుగో సిట్టింగ్‌లో.

రెండో సిట్టింగ్‌లో మాటల మధ్య నేనొక సంగతి చెప్పాను. నాన్నకి వరసకు అన్న ఒకాయన ఉన్నాడు, మేం పెద్దయ్య అంటాం. చెట్టు మందులు ఇస్తాడు. ఆ ఏడాది కాఫీ తోట గట్టు దగ్గర నాన్నకీ ఆయనకీ మాటామాటా అయింది. అంతే చెప్పాను. నాలుగో రోజు ఆ మేడమ్ నన్ను బాగా లోతుకి తీసుకెళ్లి, "ఇప్పుడు మీ నాన్నకి జ్వరం రావడానికి ముందు రాత్రికి వెళ్తున్నావు. నీ మనసులో అంతా రికార్డ్ అయి ఉంటుంది. గడప దగ్గర ఎవరో ఉన్నారు. ఎవరది? ముఖం చూడు" అన్నారు.

చూశాను. పెద్దయ్య ముఖం. రేకుల మీద వాన టపటపా పడుతోంది. ఆయన గుప్పెట్లోంచి పసుపు బియ్యం గడప లోపలికి విసిరి, ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నా చేతి గీతలంత స్పష్టంగా కనబడింది. ఏడ్చేశాను. మేడమ్ నా భుజం తట్టి, "నువ్వు దాచుకున్న నిజం బయటపడింది, ఇక నీకు నయమైపోతుంది" అన్నారు.

ఆవిడకి తెలియనిది ఒకటుంది. మన ఏజెన్సీలో ఆ మాట అర్థం వేరు. చిల్లంగి అనే అనుమానంతో మన ఊళ్లలో ఎంతమంది ముసలివాళ్లు దెబ్బలు తిన్నారో, ఊరు వదిలిపోయారో, ప్రాణాలు పోగొట్టుకున్నారో ఈ గ్రూప్‌లో ఎవరికీ నేను చెప్పక్కర్లేదు. నేను సైన్స్ పీజీ చదువుతున్నదాన్ని. మలేరియా ఎలా వస్తుందో పరీక్షలో పది మార్కులకి రాయగలను. ఆస్పత్రి కాగితం నా పెట్టెలోనే ఉంది. అయినా నమ్మాను. "కళ్లారా చూశాను కదా" అనుకున్నాను.

ఆ శనివారమే ఊరికి వెళ్లాను. రాత్రి పొయ్యి దగ్గర అమ్మకి చెప్పాను. తమ్ముడు అక్కడే కూర్చుని ఉన్నాడని తెలిసీ చెప్పాను. సగంలోనే వాడు లేచి చూరులోంచి కత్తి తీశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. వాడి ముఖం చూశాక గానీ నేనేం చేశానో నాకు అర్థం కాలేదు.

అమ్మ గట్టిగా, "కూర్సో" అంది వాడితో. కత్తి లాగేసుకుని తన కింద పెట్టుకుంది. నావైపు తిరిగి, "ఏటే గుంటా, రేకుల మీద వాన అన్నావు గదా?" అంది.

"అవును, చప్పుడు కూడా వినబడింది."

"అప్పుడు మన ఇంటికి రేకులెక్కడున్నాయే? పెంకులు గదా. రేకులేసింది దసరాకి, మీ అయ్య పోయినాక."

నాకు నోట మాట రాలేదు. అమ్మ ఆగలేదు. "మీ అయ్యకి జొరం తగిలినప్పుడు ఆయన ఊళ్లోనే లేడు. కూతురింటికెళ్లి పది రోజులైంది. కబురందుకుని వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా డోలీ ముందర కొయ్య బుజానికెత్తుకున్నాడు. నువ్వు టార్చ్ ఏసింది ఆయన కాళ్ల ముందరే. మర్సిపోయావా?"

మర్చిపోలేదు. వెనక్కి తిరిగి వెలుగు వేసినప్పుడల్లా నాకు కనబడిన ముఖం ఆయనదే. చెమటతో, నోరు తెరుచుకుని, ఊపిరి తీసుకుంటూ. నా మనసులో అంత గట్టిగా ఆ ముఖం ఉన్నది అందుకు. దాన్ని తీసుకెళ్లి నేను గడప దగ్గర నిలబెట్టాను.

తిరిగొచ్చాక మిగతా రెండు సిట్టింగులకు వెళ్లలేదు. డబ్బులు అడిగితే ఇవ్వలేదు. భయం మాత్రం రెట్టింపైంది, నా తల మీద నాకే నమ్మకం పోయింది. ఒక రాత్రి టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేశాను. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సర్వీసు అది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అవతలి అమ్మాయి అరగంట పైనే విన్నది. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆస్పత్రికి వెళ్లమంది. "పిచ్చాసుపత్రి" అని పేరు పడిన చోటికి వెళ్లడానికి నాకు రెండు వారాలు పట్టింది. సిగ్గుతో చున్నీ ముఖానికి కట్టుకుని వెళ్లాను.

అక్కడ డాక్టర్ చూశాక ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. జరిగిందంతా చెప్పాను. ఆవిడ చెప్పిన మాటలు నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాను. జ్ఞాపకం అంటే సెల్‌ఫోన్‌లో వీడియో కాదు. గుర్తుచేసుకున్న ప్రతిసారీ మనసు దాన్ని మళ్లీ అల్లుతుంది. ఖాళీలుంటే దొరికిన దారంతో కుట్టేస్తుంది. హిప్నాసిస్‌లో ఊహ చిక్కగా ఉంటుంది, పైగా "ఎవరో ఉన్నారు, చూడు" అని దారి చూపిస్తే మనసు ఎవరో ఒకర్ని చూపిస్తుంది. అలా వచ్చినది నిజమనే నమ్మకం పెరుగుతుంది గానీ, నిజం పెరగదు. ఈ విషయం కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. హిప్నాసిస్‌లో గుర్తొచ్చినవి మామూలుగా గుర్తొచ్చిన వాటికంటే నమ్మదగినవి కావని అమెరికా వైద్య సంఘం 1985లోనే నివేదిక ఇచ్చింది. పూర్వజన్మ చూపిస్తాం అనేవాళ్లది కూడా ఇదే పని.

ఆ తర్వాత నాలుగు నెలలు వెళ్లాను. గొప్ప అద్భుతాలేం జరగలేదు. ఆ రాత్రి సంగతి మొదటి నుంచి చివరి దాకా, వరసగా, కళ్లు తెరిచి చెప్పించారు. మొదట్లో గెడ్డ దగ్గరే ఆగిపోయేదాన్ని. నిద్రకు టైం పెట్టించారు. దడ వచ్చినప్పుడు "ఇది చావు కాదు, కాసేపట్లో దిగిపోతుంది" అని నాకు నేను చెప్పుకోవడం, ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పించారు. హాస్టల్‌లో ఒంటరిగా కాకుండా నలుగురితో కలిసి తినమన్నారు. ఊరికెళ్లినప్పుడు థింసాలో అడుగు కలపమన్నారు. అమ్మ కూడా దిసారిని అడిగి నాన్న పేరు మీద చేయాల్సినవి మళ్లీ సరిగ్గా చేయించింది. పదకొండు రోజుల్లో నేను వదిలేసి వెళ్లిపోయిన ఏడుపు అప్పుడు ఏడ్చాను. సైకాలజిస్ట్ మేడమ్ దాన్ని కాదనలేదు, నవ్వలేదు. మనిషిని మొత్తంగా చూడటం అంటే అదే అని నాకనిపిస్తుంది. కరపత్రం మీద రాసుకుంటే వచ్చేది కాదు.

ఇక చెల్లెళ్లు అడిగినదానికి జవాబు. హిప్నోథెరపీకి వెళ్లకూడదని చెప్పను. ఎవరి దగ్గరికి, దేనికి అన్నది చూసుకోండి. చేసేవాళ్లు సైకియాట్రిస్టా, లేక ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టా అని అడగండి. కొద్ది రోజుల కోర్సు సర్టిఫికెట్ గోడకి తగిలించుకోవడం వేరు, ఇది వేరు. అడిగితే కోపం వచ్చేవాళ్ల దగ్గర కూర్చోవద్దు. శరీరం వదులు కావడానికి, భయం తగ్గడానికి అయితే సరే. "నీ గతం తవ్వి కారణం బయటకి తీస్తాం" అంటే లేచి వచ్చేయండి. ముందే మొత్తం ప్యాకేజీ డబ్బులు కట్టొద్దు. ఎవరూ లేకుండా గొంతులు వినబడుతున్నా, చచ్చిపోవాలనిపిస్తున్నా అది హిప్నాసిస్‌తో చూసే పని కాదు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, 14416కి చేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్యం అందుకోవడం మన హక్కు. ఎవరి దయా కాదు.

ఫ్యాన్ చప్పుడు ఇప్పటికీ ఒక్కోసారి నన్ను లేపుతుంది. లేచి నీళ్లు తాగి పడుకుంటాను. ఆ సెమిస్టర్ పేపర్ రెండోసారి రాసి పాసయ్యాను.

పెద్దయ్యకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. కిందటి ఇటుకల పండక్కి వెళ్లినప్పుడు వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాను. అంబలి పోసిచ్చాడు. చొక్కా లేదు. కుడి భుజం మీద కొయ్య ఒరుసుకుపోయిన మచ్చ ఇంకా ఉంది. "సదువు బాగుందా గుంటా?" అన్నాడు. బాగుంది పెద్దయ్యా అన్నాను. ఇంకేం చెప్పగలను.

మీలో ఎవరికైనా నాలాంటిది జరిగితే, గ్రూప్‌లో రాయలేకపోతే, నాకు విడిగా రాయండి. చున్నీ కట్టుకుని వెళ్లాల్సొస్తే తోడు వస్తాను.

జై జోహార్. జై ఆదివాసీ.