అబ్బ, ఏం దొంగతనం!

‘జ్యుయల్ థీఫ్’ చూశాను. చూసినప్పటి నుంచీ కనిపించినవాళ్లనల్లా పట్టుకుని “మీరు చూశారా?” అని ప్రాణం తీస్తున్నాను. డెబ్బై దాటినవాళ్లు నవ్వి, “ఎప్పుడో చూశాం లేవోయ్” అంటున్నారు. 1967లో వచ్చిన సినిమా మరి. వాళ్లకది పాత చింతకాయ పచ్చడి. నాకు మాత్రం ఇవాళ కలిపిన కొత్తావకాయ.

కథ మొదలయ్యేదే నగల దొంగతనాలతో. ఊరూరా రత్నాలు, హారాలు మాయమైపోతుంటాయి. దొంగ ఎవరో, ఎలా ఉంటాడో పోలీసులకి అంతుబట్టదు. సరిగ్గా అప్పుడే వినయ్ అనే కుర్రాడు ఓ పెద్ద నగల వ్యాపారి దగ్గర పనికి కుదురుతాడు. వాళ్ల నాన్న సాక్షాత్తూ పోలీసు కమిషనర్. రాయి చూస్తే చాలు, అసలుదో నకిలీదో చెప్పేస్తాడు వీడు. వీడే దేవానంద్. ఇక ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి “అమర్” అని పలకరించడం మొదలవుతుంది. ఎవడీ అమర్? అచ్చం వినయ్‌లాగే ఉంటాడట!

ఓ పార్టీలో చిక్కు ముదురుతుంది. శాలిని అనే అమ్మాయి, అంటే వైజయంతిమాల, నలుగురి ముందూ నిలేస్తుంది. నన్ను పెళ్లి చేసుకుంటానన్నది నువ్వే, నువ్వే అమర్‌వి అంటుంది. కాదని మొత్తుకున్నా వినేదెవరు? చివరికో గుర్తు బయటికొస్తుంది: అమర్ కాలికి ఆరు వేళ్లు. అయితే బూటు విప్పాల్సిందే. అంతమంది పెద్దమనుషుల మధ్య బూటూ, ఆ తర్వాత మేజోడూ తీసే ఆ కాసేపు నా గుండె గొంతులోకి వచ్చింది. తుపాకీ లేదు, తన్నులాట లేదు, ఒక మనిషి కాలు చూడ్డానికి అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు, అంతే. ఎన్ని వేళ్లున్నాయో చెప్పను, చూసుకోండి.

మనకి ‘రాముడు భీముడు’ 1964లోనే వచ్చింది. ఒకే పోలికతో ఇద్దరున్నారనగానే తెలుగు ప్రేక్షకుడు “ఓహో, డబుల్ యాక్షన్!” అని కాళ్లు చాపుకుని కూర్చుంటాడు. నేనూ అలాగే కూర్చున్నాను. విజయ్ ఆనంద్ అలా కూర్చోనివ్వడు. అన్నగారు దేవానంద్‌తో అంతకుముందే ‘గైడ్’ తీసినవాడు, ‘తీస్రీ మంజిల్’లో హత్యా పాటలూ కలిపి వండినవాడు. ఇందులో ప్రేమనీ అనుమానాన్నీ విడదీయడానికి వీల్లేకుండా ముడేశాడు. శాలిని వినయ్ వంక ప్రేమగా చూసిన ప్రతిసారీ, ఆ చూపు ఇతనికా, ఆ అమర్‌కా అని మనకి సందేహమే. పాపం, వినయ్‌కీ అదే సందేహం. దొంగ దొరకడం కన్నా ఆ చూపు ఎవరిదో తేలడం ముఖ్యమైపోయింది నాకు.

పాటలు ఎస్.డి. బర్మన్‌వి. దాదాపు అన్నీ మజ్రూహ్ సుల్తాన్‌పురీ రాశారు. శైలేంద్రది ఒకే ఒక్క పాట. సినిమా విడుదల చూడకుండానే, 1966 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. తనూజ మీద తీసిన రాత్రి పాట విన్నారా? ఆశా భోస్లే చెవిలో గుసగుసలాడినట్టు మొదలుపెట్టి, ఉన్నట్టుండి గొంతెత్తుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నానేమో, ఉలిక్కిపడ్డాను!

ఇక చివర్లో వచ్చే నాట్యం. పెదవి దాటనివ్వని రహస్యం ఒకటి పెట్టుకుని ఆడుతుంది వైజయంతిమాల. పాడింది లత. మధ్యలో భూపిందర్ గొంతు ఆమెని పేరుపెట్టి ఒక్క కేక వేస్తుంది. డప్పుల మోత పెరిగేకొద్దీ కెమెరా కూడా ఆమెతో పాటు గిర్రున తిరుగుతుంది. కాళ్లు పండగ చేసుకుంటుంటే కళ్లు మాత్రం బెదురుతుంటాయి. ఆ రెంటినీ ఒకే మనిషి ఒకేసారి ఎలా చూపించగలిగిందో, వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. 1950లో మన ‘జీవితం’లో చేసిన పిల్ల ఈవిడే.

కథ గాంగ్‌టక్ చేరాక కొండలు, మంచు, రాజభవనం. అప్పటికి సిక్కిం ఇంకా మన దేశంలో రాష్ట్రం కాదు, చోగ్యాల్ రాజుల ఏలుబడిలో ఉంది. 1975లో గానీ మనలో కలవలేదు. వేరే రాజ్యంలో అడుగుపెట్టామన్న బెరుకు తెరమీద అందుకే అంత నిజంగా ఉందనిపించింది.

లోపాల్లేవా? ఉన్నాయి. దాదాపు మూడు గంటల సినిమా. ఓ చోట కరెంటు షాకులతో మనిషి బుర్ర మార్చేస్తామంటారు. ఆ సైన్సుకి దండం పెట్టి ముందుకెళ్లాలి. నేను పెట్టాను, వెళ్లాను, నష్టపోలేదు.

అశోక్ కుమార్ గురించి నోరెత్తలేదని అడక్కండి. ఎలా మాట్లాడినా ఏదో ఒకటి జారిపోతుంది. అద్భుతం, అంతవరకే.

చూడనివాళ్లు ఈ వారమే చూడండి. కథ ముందే ఎక్కడా చదవకండి. ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూసేటట్టయితే, దొంగ పేరు చెప్పబోమని వాళ్లచేత ముందే ఒట్టు వేయించుకోండి.