సరిపోతుందా అని చూసే విద్య

కుక్కర్ గాస్కెట్ పాడైతే మనం ఉత్త చేతులతో బజారుకి వెళ్ళం. పాతదాన్ని కడిగి సంచిలో వేసుకుని వెళ్తాం. మూడు లీటర్లదా, అయిదు లీటర్లదా, ఏ కంపెనీది అని చూసి, పాతదాని మీద కొత్తది పెట్టి కొలిచి మరీ కొంటాం. మిక్సీ జారు మార్చాలన్నా అంతే. ఒక వస్తువు ఇంకొకదానికి సరిపోతుందో లేదో తేల్చే ఈ పని ఎన్నాళ్ళగానో ఆడవాళ్ళదే. దానికి విద్య అన్న పేరు మాత్రం ఎవరూ పెట్టలేదు. అదే పని కంప్యూటర్ దగ్గర చేస్తే అది 'టెక్నికల్ నాలెడ్జ్' అయిపోతుంది, మగవాళ్ళ సొత్తయిపోతుంది.

నా కంప్యూటర్ 2012లో కొన్నది. అందులో నలభై గంటల వీడియో ఉంది. కొల్లేటి లంకల్లో ఆడవాళ్ళు చెప్పిన మాటలవి. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ కథ ఎవరు చెప్పినా పక్షులొస్తాయి, చెరువుల యజమానులొస్తారు, కోర్టులొస్తాయి. చెరువు పనికి కూలికెళ్ళిన ఆడవాళ్ళు, చేపలు ఎండబెట్టి గంపలకెత్తుకున్న ఆడవాళ్ళు మాత్రం ఏ మూలనో ఉంటారు. నాతో మాట్లాడినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఆ మాటల్ని ఒక వరసలో పెట్టి, కింద అక్షరాలు వేద్దామని కూచుంటే తెర మీద బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ఒక గ్రాఫిక్స్ కార్డు వేసుకుంటే ఈ పాత పెట్టే ఇంకొన్నాళ్ళు నడుస్తుందని అర్థమైంది.

ఏలూరులో ఒక షాపుకి వెళ్తే "ఇంట్లో బాబుంటే పంపించండి మేడమ్, మేం మాట్లాడతాం" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. తాడేపల్లిగూడెంలో ఇంకొకాయన "సార్ ఏం చేస్తుంటారండీ?" అని అడిగాడు. నేను రాసుకెళ్ళిన కాగితాన్ని ఇద్దరూ చూడలేదు. 1946లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్ని లోకానికి చూపించినప్పుడు, దానికి ప్రోగ్రాములు రాసిన ఆరుగురు ఆడవాళ్ళ పేర్లు అడిగినవాళ్ళు లేరు. ఈ కౌంటర్ కథ అంత పాతది.

ఆ కాగితంలో ఏముందో చెప్తాను, మీలో కొందరికైనా పనికొస్తుంది. మొదటిది స్లాటు. బాగా పాత బోర్డుల్లో ఏజీపీ ఉండేది, తర్వాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ఒకదాని కార్డు రెండోదాంట్లో దిగదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో కొత్త తరం కార్డు పాత తరం స్లాటులో మామూలుగా పనిచేస్తుంది, వేగం కొంత తగ్గుతుంది. రెండోది కరెంటు. స్లాటు ఇచ్చేది 75 వాట్ల వరకే. అంతకు మించి అడిగే కార్డుకి పవర్ సప్లై నుంచి ఆరు పిన్నులదో ఎనిమిది పిన్నులదో వేరే వైరు కావాలి. అది మన పెట్టెలో ఉందా? మూడోది చోటు. జాకెట్లు కొలిచే టేపుతోనే క్యాబినెట్ లోపల కొలుచుకున్నాను. నాలుగోది బయోస్. కొన్ని కొత్త కార్డులు పాత బయోస్‌తో తెర వెలిగించవు.

అయిదోది అన్నిటికన్నా ముఖ్యం: నా పనేమిటి? చవగ్గా దొరికే జీటీ 1030లోనూ, 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీలోనూ వీడియోని తయారుచేసిపెట్టే ఎన్‌కోడర్ లేదు. ఆటలాడే పిల్లవాడికి ఆ లోటు తెలియకపోవచ్చు. నాకు కావలసింది అదే. జీటీఎక్స్ 1650లో అది ఉంది. ఆ కార్డుల్లోనే కొన్ని వేరే వైరు లేకుండా స్లాటు కరెంటుతోనే నడుస్తాయి. కాబట్టి "మంచి కార్డు ఏది?" అన్న ప్రశ్నకి జవాబు లేదు. ఎవరి పనికి మంచిది అని అడగాలి. ఆ పని ఆడదానిది కావచ్చని తోచకపోవడం వల్లే వాళ్ళు నా కాగితం చూడలేదు.

కార్డు అన్నిటికీ మందు కాదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. నా పాత ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. ఏ కార్డు వేసినా అది మారదు. అందుకని లైనక్స్ వేసుకున్నాను. వీడియోలకి చిన్న సైజు నకళ్ళు చేసుకుని వాటి మీద కోతలు పెట్టుకుంటే బొమ్మ ఆగడం చాలా తగ్గుతుంది. ఆ నకళ్ళు త్వరగా చెయ్యడానికి కార్డు సాయం చేస్తుంది. కొత్త కంప్యూటర్ కొనుక్కోమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. చిన్న జీతాల మీద, పెన్షన్ల మీద రాసుకునే మనలో ఎంతమందికి అది వీలవుతుంది?

మీ పెట్టెలోనూ ఎవరివో మాటలు ఉండే ఉంటాయి. షాపుకెళ్ళేముందు మూత విప్పి చూడండి, బోర్డు పేరు, పవర్ సప్లై మీద రాసిన వాట్లు రాసుకోండి. కాగితం చూడనివాడి దగ్గర కొనకండి. నేను మూడో షాపులో కొన్నాను. పన్నెండు నిమిషాల వీడియో తయారైంది. మిగిలిన గంటలన్నీ ఇంకా వినాల్సే ఉంది.