చిప్పలో కాపురం

ఉద్దానంలో ఉంటూ అక్వేరియం చేపలకు ప్లాస్టిక్ గుహ కొనేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుందండీ. కవిటి, సోంపేట, మందస వైపు ఏ పెరట్లో చూసినా కొబ్బరి చిప్పలే కదా! 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటలకు తోటలే పడగొట్టిపోయింది, నిజమే. అయినా పొయ్యిలోకి చిప్పలు వెతుక్కునే ఇల్లు నాకింకా కనబడలేదు. చేతికి చిప్ప రావడం మనకు దరిద్రం గానీ, పొట్టి సిక్లిడ్ జంటకి గృహప్రవేశం.

ఈ సిక్లిడ్ చేపల్లో దక్షిణ అమెరికా అపిస్టోగ్రామా, పశ్చిమ ఆఫ్రికా క్రిబెన్సిస్ గుహ లేనిదే గుడ్లు పెట్టవు. అదీ నేలమీద కాదు, పైకప్పుకి. ఆడది వెల్లకిలా తిరిగి, పొట్ట కప్పుకి ఆనించి వరసగా అంటించుకుంటూ పోతుంది. రామ్ చేపకి మాత్రం గుహ అక్కర్లేదు, చదునైన రాయి చాలు. కొట్టువాడు రామ్ చేపతో గుహ కూడా అంటగడితే మొహమాటపడకుండా వద్దనండి.

ఇక చిప్ప సంగతి. కొబ్బరి కోరాక లోపల పలుకన్నది మిగలకుండా గీకెయ్యాలి. మిగిలిందా, కుళ్ళి తొట్టి అంతా కంపు. పీచు పీకేసి మరిగిస్తే టీ డికాషన్ లాంటి రంగు దిగుతుంది. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ మళ్ళీ మరిగించండి, రంగు పలచబడేదాకా. అంచున చిన్న రంపంతో బొటనవేలు దూరేంత సందు కోసి, చిప్పని ఇసుకలో బోర్లించండి. కిటుకంతా ఆ సందులోనే ఉంది. అపిస్టోల్లో ఆడది చిన్నది, మగది పెద్దది. ఆవిడ దూరాలి, ఆయన గుమ్మం బయట కాపలా కాయాలి. చూడాలన్న సరదాతో ఆ గుమ్మాన్ని గాజు వైపు తిప్పకండి, పురుడు ఎవరైనా వీధిలో పోసుకుంటారా? ఆడది పసుపు రాసినట్టు మెరుస్తూ మొగుణ్ణే తరుముతోందంటే లోపల గుడ్లున్నట్టే. రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి. మరో వారానికి పిల్లలు ఈదుతాయి. అప్పటికి వాటి తిండికి ఆర్టీమియా (ఉప్పునీటి సన్నరొయ్య పిల్లలు) సిద్ధంగా ఉండాలి.

అపిస్టోలకి మెత్తని నీళ్ళు కావాలి. వాననీళ్ళు పట్టి కలపండి, ఎండిన బాదం ఆకు ఒకటి వెయ్యండి. బారువ బీచిలో ఏరిన గవ్వలు ముచ్చటగానే ఉంటాయి గానీ ఈ తొట్టిలో వద్దు, సున్నం కరిగి నీళ్ళు గట్టిపడతాయి. మీ బోరు నీళ్ళకి సబ్బు నురగే రాదంటారా? అయితే అపిస్టోల జోలికి పోకుండా టాంగన్యికా సరస్సు చేపల్ని తెచ్చుకోండి. వాటిలో కొన్ని ఖాళీ నత్తగుల్లల్లోనే కాపురం పెడతాయి. ఒక్క మాట, పలాసలో తేరగా దొరుకుతుంది కదా అని జీడితొక్క మాత్రం తొట్టి దరిదాపులకు రానివ్వకండి. చేతులు బొబ్బలెక్కించే నూనె అది.

నీళ్ళ పులుపు పిల్లల లెక్కని కూడా మారుస్తుందండోయ్. క్రిబెన్సిస్‌లో ఆమ్లగుణం ఎక్కువైతే మగపిల్లలే ఎక్కువ పుడతాయి.

పిల్లలు ఎక్కువైతే స్నేహితులకివ్వండి, కాశీబుగ్గ కొట్టువాడికివ్వండి. నౌపడ తంపరలోనో, సోంపేట బీలలోనో, కొంగలొచ్చే తేలినీలాపురం చెరువులోనో మాత్రం వదలకండి. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా కూడా సిక్లిడ్డే. గుడ్లకి తన నోటినే గుహ చేసుకుంటుంది అది. చెరువుల్లోంచి దాన్ని ఇప్పటికీ వెళ్ళగొట్టలేకపోతున్నాం.