లీసా గొంతుకి రేటెంత?

ఏ నటి పేరు గూగుల్‌లో కొట్టినా ఒక సజెషన్ గ్యారంటీగా వస్తుంది: నెట్ వర్త్. వయసు, హైట్, పెళ్లయిందా, ఆస్తెంత... పెళ్లిచూపుల్లో మన పెద్దమ్మలు అడిగే ప్రశ్నలన్నీ గూగుల్ ముందే పేర్చిపెట్టి ఉంచుతుంది.

నేను ఈమధ్య అలా వెతికిన పేరు యార్డ్లీ స్మిత్. వినలేదా? పర్లేదు. ఆమె మొహం చూసి గుర్తుపట్టేవాళ్ల కన్నా గొంతు విని గుర్తుపట్టేవాళ్లే ఎక్కువ. ‘ద సింప్సన్స్’లో సాక్సోఫోన్ వాయించే ఎనిమిదేళ్ల లీసా లేదూ, ఆ గొంతు ఈమెదే.

ఆస్తి గురించి ఒక్కో సైట్ ఒక్కో అంకె చెప్పింది. ఆ అంకె ఎలా వచ్చిందో ఎక్కడా లేదు. స్టెప్స్ లేకుండా ఆన్సర్ ఒక్కటే రాస్తే మనకి ఎగ్జామ్‌లో ఎన్ని మార్కులు పడతాయో తెలుసు కదా! అందుకే ఆ స్టెప్స్ నేనే వెతుక్కున్నా.

ఆమె 1964లో పారిస్‌లో పుట్టింది, వాషింగ్టన్‌లో పెరిగింది. ఇరవై ఏళ్లకే బ్రాడ్‌వే నాటకంలో అండర్‌స్టడీ, అంటే అసలు నటి రాని రోజున స్టేజీ ఎక్కే మనిషి. తర్వాత కొన్ని సినిమాల్లో చిన్న చిన్న వేషాలు. 1987లో ‘ద ట్రేసీ ఉల్‌మన్ షో’లో వచ్చే బుల్లి కార్టూన్ల కోసం ఆడిషన్‌కి పిలిచారు, అదీ బార్ట్ అనే అబ్బాయి పాత్రకి! గొంతు మరీ ఆడపిల్లలా ఉందని అతని చెల్లెలు లీసా పాత్ర ఇచ్చారు. లీసా కోసం వచ్చిన నాన్సీ కార్ట్‌రైట్ ఏమో బార్ట్ అయింది. 1989 డిసెంబర్‌లో ఆ బుల్లి కార్టూన్లే అరగంట షో అయ్యాయి.

మొహం కనిపించే పనీ ఆమె మానలేదు. ‘హర్మన్స్ హెడ్’ అనే కామెడీ సిరీస్‌లో 1991 నుంచి 1994 దాకా చేసింది, ‘ధర్మా అండ్ గ్రెగ్’లో అప్పుడప్పుడూ కనిపించింది. కానీ 1992లో ఎమ్మీ అవార్డు తెచ్చింది మాత్రం లీసా గొంతే.

ఇప్పుడు డబ్బు సంగతి. పత్రికల్లో వచ్చిన లెక్కల ప్రకారం 1998 దాకా ప్రధాన పాత్రల గొంతులకి ఎపిసోడ్‌కి 30,000 డాలర్లు. ఆ ఏడాది దాదాపు 1,25,000. 2004 తర్వాత అది రెట్టింపు దాటింది. 2008లో సుమారు 4 లక్షలు. 2011లో కోత పడి 3 లక్షల చిల్లరకి దిగింది. ఆ తగ్గిన రేటే మన రూపాయల్లో ఎపిసోడ్‌కి రెండున్నర కోట్ల పైమాట.

ఈ అంకెలతో గ్రాఫ్ గీస్తే అది ఏటవాలుగా పైకి పోదు. చాలాకాలం ఫ్లాట్‌గా ఉండి ఒక్కసారి మెట్టులా లేస్తుంది. ఎమ్మీ వచ్చిన 1992లో అంత పెద్ద మెట్టు లేదు, 1998లో ఉంది. 1997 కన్నా 1998లో ఆమె గొంతు నాలుగు రెట్లు బాగైపోలేదు కదా, మరి ఏమైంది?

ఆరుగురు ప్రధాన నటులూ కలిసి కూర్చుని, పెంచకపోతే చెయ్యం అన్నారు. ఫాక్స్ వాళ్లు కొత్త గొంతులు వెతకడానికి కూడా సిద్ధపడ్డారు. ఆరుగురిలో ఎవరూ విడిపోలేదు, ఫాక్స్ దిగొచ్చింది. 2004లో స్క్రిప్ట్ రీడింగ్‌లకి వెళ్లడం మానేశారు, మళ్లీ పెరిగింది. 2011లో కంపెనీ 45 శాతం తగ్గించుకోకపోతే షోయే ఆపేస్తామంది, అప్పుడు వీళ్లు కొంత తగ్గారు. ప్రతి మెట్టు వెనకా ఒక బేరం ఉంది.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. 1993లో ‘లాస్ట్ ఎగ్జిట్ టు స్ప్రింగ్‌ఫీల్డ్’ అనే ఎపిసోడ్ వచ్చింది. ప్లాంట్ ఓనర్ కార్మికుల పళ్ల వైద్యం ఖర్చు ఎత్తేస్తాడు, వాళ్లు సమ్మెకి దిగుతారు. లీసా ప్లాంట్ బయట గిటార్ పట్టుకుని వాళ్ల కోసం పాడుతుంది. ఆ పాట పాడిన గొంతే ఐదేళ్ల తర్వాత తన సొంత జీతం కోసం మొండికేసి కూర్చుంది.

ఇక్కడే ఒక సీఎస్ఈ స్టూడెంట్‌గా నాకు కొంచెం గుబులు పుట్టింది. 1998లో వీళ్లు గెలవడానికి కారణం, అచ్చు అలాంటి గొంతులు ఇంకో ఆరు దొరకడం కష్టం. ఇప్పుడు? మూడున్నర దశాబ్దాల క్లీన్ ఆడియో స్టూడియో దగ్గరే ఉంది. మన భాషలో చెప్పాలంటే రెడీమేడ్ డేటాసెట్. వాయిస్ క్లోనింగ్‌కి అందులో కొన్ని నిమిషాలున్నా చాలు. అప్పుడు కావాల్సింది ఇంకో మనిషి, ఇప్పుడు ఒక జీపీయూ ఉంటే పనైపోతుంది. 2023లో అమెరికా నటుల యూనియన్ 118 రోజులు సమ్మె చేసి, మా మొహాన్నో గొంతునో కంప్యూటర్‌తో తయారు చెయ్యాలంటే మా అనుమతి, మా వాటా కావాలని కాంట్రాక్టులో రాయించుకుంది. ఆ భయం ఉత్తినే పుట్టలేదు. ఆ మోడల్స్ రాసేది రేపు మనమే.

అమెరికా సంగతి మనకెందుకు అంటారా? నేను చదివింది ఇంగ్లీష్ మీడియం. స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్. చిన్నప్పుడు ఇంట్లోవాళ్లు కాకుండా నాతో రోజూ తెలుగులో మాట్లాడింది ఎవరంటే ఖుషీ టీవీలో డోరా, పక్కన బుజ్జి. ప్రశ్న అడిగి, నా జవాబు కోసం ఆగేది కూడా! ఆ గొంతు ఇప్పటికీ చెవుల్లో ఉంది, కానీ ఆమె పేరు తెర మీద చూసిన గుర్తే లేదు. సినిమాల్లో కొంత నయం. ‘ఏ మాయ చేసావె’లో జెస్సీ గొంతు చిన్మయిదని మనందరికీ తెలుసు, డబ్బింగ్‌కి నంది అవార్డులు కూడా ఇచ్చారు. కార్టూన్ గొంతులకి మాత్రం పేరూ లేదు, నెట్ వర్త్ సజెషనూ లేదు. పేరే తెలియని గొంతుని కాపీ కొడితే అడిగేదెవరు?

ఈ సెమిస్టర్ మా మినీ ప్రాజెక్ట్ హాస్టల్ మెస్ మెనూని తెలుగులో చదివి చెప్పే బాట్. దానికి గొంతు కావాలి. “సీరియల్ క్లిప్పులు దించేద్దాం రా, హీరోయిన్ గొంతు సూపర్ ఉంటుంది, ఎవడడుగుతాడు?” అన్నాడు మా టీమ్‌లో ఒకడు. నేను వద్దన్నా. రెండు రోజులు మాటల్లేవు. చివరికి మా క్లబ్‌లోనే బాగా చదివే ఒక అక్కని అడిగాం. ఆమె వెంటనే ఒప్పుకోలేదు, ఒక కాగితం తీసి షరతులు రాసింది. ఈ ప్రాజెక్టుకి తప్ప ఇంకెక్కడా వాడకూడదు. నేను చూడని వాక్యం నా గొంతుతో పలికించకూడదు. వైవా అయ్యాక ఫైల్స్ డిలీట్ చెయ్యాలి. రిపోర్టులో నా పేరుండాలి. రెండొందల వాక్యాలకి రెండు బిర్యానీలు.

“ఒకటి చాలదా అక్కా?” అని బేరమాడబోయాం. ఆమె కాగితం మడిచి బ్యాగులో పెట్టేసుకుంది.

నోరు మూసుకుని నలుగురం సంతకాలు పెట్టాం.