రికార్డు అట్ట తిప్పితే... బొంబాయి!

సినిమా హాల్లో టైటిల్సు పడే వేళకి మనలో సగం మంది ఇంకా సీట్లు వెతుక్కుంటూ ఉంటాం. మిగతా సగం మంది హీరో పేరు కోసం ఈల సిద్ధం చేసుకుని కూర్చుంటారు. 'సంగీతం' అని ఒక కార్డు పడుతుంది. దాని మీద ఒక పేరు, మహా అయితే జంట పేర్లు. కార్డు మారిపోతుంది. ఆ తర్వాత మనల్ని కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వని క్లబ్బు పాటలో ట్రంపెట్ ఊదిందెవరు? ఆ డ్రమ్సు దరువు ఎవరిది? హీరోయిన్ మెట్లు దిగుతుంటే వెనకాల వగలుపోయిన ఆ శాక్సఫోన్ ఎవరిది? కార్డు లేదు. పేరు లేదు!

జాజ్ రికార్డులు పోగుచేసే పిచ్చి పట్టినవాళ్లకి మాత్రం ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. ఎల్.పి. రికార్డు అట్ట వెనక్కి తిప్పితే చాలు, వాయించినవాళ్ల పేర్లూ, ఎవరిది ఏ వాయిద్యమో వరసగా అచ్చయి ఉంటాయి. అన్నిటి మీదా కాదుగాని, చాలావాటి మీద ఉంటాయి. రికార్డు వినడం సగం సరదా అయితే, ఆ పేర్లు పట్టుకుని ఒక రికార్డు నుంచి ఇంకో రికార్డుకి దూకుతూ పోవడం మిగతా సగం. చుట్టరికాలు కలపడం మనకి రాని విద్యా ఏమిటి? పెళ్లి పందిట్లో పది నిమిషాలు కూర్చుంటే, పక్కనున్నాయన మన పెదనాన్నగారి తోడల్లుడికి ఏమవుతాడో తేల్చేస్తాం. ఇదీ సరిగ్గా అలాంటిదే.

ఆ చుట్టరికాల దారి పట్టుకుని ఒక ప్రయాణం చేద్దాం రండి. బయల్దేరేది న్యూయార్కు. దిగేది బొంబాయి. 1995 నుంచి ముంబై అంటున్నాంగాని, ఈ కథ జరిగిన రోజుల్లో అది బొంబాయే. మనమూ అలాగే పిలుద్దాం.

న్యూయార్కు నుంచి షాంఘై మీదుగా...

జాజ్ మోజులో పడ్డవాళ్లు మొదట్లోనే కొనే రికార్డుల్లో 'కైండ్ ఆఫ్ బ్లూ' ఒకటి. 1959లో మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండంటే రెండు రోజుల్లో న్యూయార్కులో రికార్డు చేశారు. అట్ట ముందు ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ పేరు. ఆయన వెంట ఇంకో ఆరుగురు. శాక్సఫోన్లు జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ. పియానో బిల్ ఎవాన్స్. బేసు పాల్ ఛాంబర్స్. డ్రమ్సు జిమ్మీ కాబ్. ఆరో మనిషి వింటన్ కెల్లీ. ఈయన ఒక్క పాటకి మాత్రమే పియానో ముందు కూర్చున్నారు. మనం పట్టుకోవాల్సింది ఈయన్నే!

ఈ కెల్లీ 1956లో బిల్లీ హాలిడే అనే మహాగాయని పక్కన 'లేడీ సింగ్స్ ది బ్లూస్' రికార్డుకి వాయించారు. సరే, ఆవిడ పాత రికార్డుల్లోకి వెళదాం. 1937 జనవరిలో ఆవిడ పాడిన పాటలకి ట్రంపెట్ ఎవరంటే బక్ క్లేటన్. కౌంట్ బేసీ బృందంలో వాయించి పేరు తెచ్చుకున్న మనిషి. మరి ఈ క్లేటన్ అంతకుముందు ఎక్కడున్నారో తెలుసా? చైనాలో! 1934లో తన బృందాన్ని తీసుకుని షాంఘైలోని కానిడ్రోమ్ అనే నాట్యశాలకి వెళ్లారు. ఆయన్ని అక్కడికి పిలిపించుకున్నది టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే నల్లజాతి అమెరికన్ పియానో వాద్యకారుడు.

ఈ వెదర్‌ఫర్డ్ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. షికాగోలో వెండోమ్ అని ఒక సినిమా హాలు ఉండేది. మూకీల కాలం కదా, తెర మీద బొమ్మ ఆడుతుంటే కింద వాద్యబృందం వాయించాలి. ఎర్స్కిన్ టేట్ నడిపిన ఆ బృందంలో పియానో వెదర్‌ఫర్డ్‌ది. పక్కనే వాయిస్తున్న కుర్రవాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్! ఇద్దరూ కలిసి వాయించిన రికార్డు 1926 మే నెలలో వచ్చిన సెషన్‌లోది. ఇప్పటికీ వినొచ్చు. ఆ ఏడాదే వెదర్‌ఫర్డ్ ఓడెక్కి ఆసియా వైపు వచ్చేశారు. ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడే ఉండి జగద్విఖ్యాతులయ్యారు. షాంఘై నుంచి ఈయన వచ్చింది ఎక్కడికనుకున్నారు? మన బొంబాయికి!

చూశారా? కెల్లీ, హాలిడే, క్లేటన్, వెదర్‌ఫర్డ్. నాలుగే నాలుగు పేర్లు. న్యూయార్కు నుంచి అపోలో బందరు!

అపోలో బందరులో ఆ హోటలు

గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర ఫొటో దిగని తెలుగువాడు బొంబాయి చూసినట్టు లెక్కకాదు. అందరూ సముద్రం వైపు వీపు పెట్టి తాజ్ మహల్ హోటలు వైపు చూస్తూ నిలబడతారు. 1903లో తెరిచిన ఈ హోటలు గోపురాన్ని మనం హిందీ సినిమాల్లో లెక్కలేనన్ని సార్లు చూశాం. లోపల నాట్యశాల ఒకటుండేదని, అక్కడ రాజాలూ, దొరలూ, పార్శీ షావుకార్లూ జాజ్‌కి అడుగులు వేసేవారని ఎంతమందికి తెలుసు?

1935లో లియాన్ అబీ అనే వయొలిన్ వాద్యకారుడు నల్లజాతి అమెరికన్ల బృందంతో తాజ్‌లో దిగారు. ఆ తర్వాత క్రికెట్ స్మిత్. పేరు చూసి బ్యాటు పట్టుకొస్తాడనుకునేరు, ఈయన వాయించింది కార్నెట్, ట్రంపెట్. ఈయన బృందం 1936లో బొంబాయిలోనే 'తాజ్ మహల్' అనే ఫాక్స్‌ట్రాట్ రికార్డు ఇచ్చింది. నరేష్ ఫెర్నాండెస్ అనే పాత్రికేయుడు బొంబాయి జాజ్ చరిత్ర రాసినప్పుడు పుస్తకానికి ఈ పాట పేరే పెట్టుకున్నారు. ఆ రోజుల్లోనే వెదర్‌ఫర్డ్ కూడా తాజ్‌లో వాయించారు. తర్వాత కలకత్తా గ్రాండ్ హోటలుకి వెళ్లి, అక్కడే 1945 ఏప్రిల్‌లో కలరాతో కన్నుమూశారు. ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కన కూర్చుని వాయించిన మనిషి కలకత్తాలో పోయాడంటే నమ్మబుద్ధి కాదు.

ఈ అమెరికన్లు వెళుతూ వెళుతూ విద్య ఇక్కడ వదిలి వెళ్లారు. వాళ్ల పక్కన కూర్చుని వాయించిన మనవాళ్లలో ఫ్రాంక్ ఫెర్నాండ్ అనే గోవా ట్రంపెట్ వాద్యకారుడు ఒకరు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

ధోబీ తలావ్ సందుల్లో

తాజ్ నుంచి మెట్రో సినిమా వైపు వస్తే ధోబీ తలావ్. గోవా నుంచి బతకడానికి వచ్చినవాళ్లు ఊరి పేరున పెట్టుకున్న 'కూడ్'లు ఇక్కడ ఉండేవి. కూడ్ అంటే మన ఊళ్ల సత్రం లాంటిదనుకోండి. ట్రంకుపెట్టె, వయొలిన్ పెట్టె పట్టుకుని ఆ మెట్లెక్కినవాళ్లు ఎందరో. వాళ్లకి ఒక గొప్ప వరం ఉంది. గోవాలో చర్చి బళ్లలో చిన్నప్పుడే పాశ్చాత్య సంగీతపు స్వరలిపి నేర్పేవారు. కాగితం మీద గీతలు చూస్తే చాలు, అప్పటికప్పుడు వాయించేయగలరు.

1947 వచ్చింది. దొరలు ఓడెక్కారు. రాజాల ఖజానాలు చిక్కిపోయాయి. 1949లో బొంబాయి మద్యనిషేధ చట్టం వచ్చింది. హోటళ్లలో సందడి తగ్గింది. మరి ఈ వాద్యకారులంతా ఏమైపోవాలి? సరిగ్గా అప్పుడే సినిమావాళ్లకి పెద్ద పెద్ద వాద్యబృందాల మోజు పుట్టింది. మన సంగీత దర్శకులు హార్మోనియం మీద బాణీ కట్టగలరుగాని, నలభై వయొలిన్లకి ఎవరేం వాయించాలో స్వరలిపి రాసివ్వడం చాలామందికి తెలీదు. ఆ పని గోవావాళ్లు అందుకున్నారు. వాళ్లనే అరేంజర్లు అన్నారు. ఫ్రాంక్ ఫెర్నాండ్ అలా హిందీ చిత్రాల్లోకి వచ్చినవారే. 'ఆమ్చెం నొశీబ్', 'నిర్మోణ్' అనే కొంకణి చిత్రాలు కూడా తీశారు.

ఇంకో ట్రంపెట్ వీరుడు చిక్ చాక్‌లెట్. అసలు పేరు ఆంటోనియో జేవియర్ వాజ్. భారతదేశపు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అని బిరుదు. 1951లో భగవాన్ దాదా తీసిన 'అల్‌బేలా'లో సి. రామచంద్ర సంగీతానికి హుషారెక్కించింది ఈయన బృందమే. తెర మీద కూడా కనిపిస్తారు. ఈ సి. రామచంద్ర మనకి పరాయివారేం కాదు, రామారావుగారి 'అక్బర్ సలీమ్ అనార్కలి'కి సంగీతం ఇచ్చినాయనే.

ఇక ఆంథొనీ గొన్సాల్వెస్ అంటే 1977 నాటి 'అమర్ అక్బర్ ఆంథొనీ'లో గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చే అమితాబ్ గుర్తొస్తారు. ఆ పేరుతో నిజంగానే ఒక వయొలిన్ గురువు ఉన్నారు. సంగీత దర్శక జంటలో ప్యారేలాల్ ఆయన శిష్యుడు. శిష్యుడు గురువు పేరు దేశమంతా పాడించాడు. థియేటర్లలో చిల్లర విసిరినవాళ్లకి మాత్రం ఆ పేరు గల మనిషి ఉన్నాడని తెలీదు!

ఈ పేటలోనే జేవియర్స్ కాలేజీ పక్కన రంగ్ భవన్ అనే ఆరుబయటి రంగస్థలం. 1978లో మొదటి 'జాజ్ యాత్ర' ఉత్సవానికి సోనీ రోలిన్స్ వచ్చి శాక్సఫోన్ వాయించారు. 1954లో మైల్స్ డేవిస్‌తో రికార్డు చేసిన రోలిన్స్! అంటే మనం బయల్దేరిన ఇంటికి చుట్టం ఇంకో దారిన బొంబాయి వచ్చాడన్నమాట.

చోర్ బజార్‌లో వేట

ఈ చుట్టరికాలకి సాక్ష్యాలు ఎక్కడ దొరుకుతాయి? కాలాఘోడాలో రిథమ్ హౌస్ అనే పెద్ద దుకాణం ఉండేది, 2016లో మూసేశారు. ఇక దిక్కు చోర్ బజార్. అందులో మటన్ స్ట్రీట్. శుక్రవారం వెళ్లకండి, దుకాణాలకి సెలవు. పాత గడియారాలు, ఓడల్లోంచి ఊడదీసిన దీపాలు, సినిమా పోస్టర్లు, వాటి మధ్య దుమ్ము కొట్టుకున్న రికార్డుల కట్టలు.

నేను వెళ్లిన దుకాణంలో ముసలాయన, "ఏ హీరో పాటలు కావాలి బాబూ?" అన్నాడు.

"హీరోవి కాదు చాచా, వెనకాల వాయించినవాళ్లవి" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "వాళ్ల పేరు మీద కట్టలుండవు. అన్నీ వెతుక్కోవాల్సిందే" అని స్టూలు నా వైపు తోశాడు. ఈ వ్యవహారమంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది!

వెతికేటప్పుడు కొన్ని గుర్తుంచుకోండి. 78 రికార్డు లక్కతో చేసింది, చేయి జారితే అప్పడమే. వైపుకి మూడు నిమిషాలు. లేబుల్ మీద నాయకుడి పేరే తప్ప బృందం పేర్లు ఉండవు. 1948లో కొలంబియా కంపెనీ ఎల్.పి. తెచ్చాక అట్ట పెద్దదైంది, వెనక చోటు దొరికింది, పేర్లకి మోక్షం వచ్చింది. కొనేముందు ప్లేటుని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకోండి. గోరు తగిలే గీత ఉంటే వదిలేయండి. అట్ట చిరిగినా పర్వాలేదుగాని, పేర్లున్న వైపు చిరిగితే మాత్రం ఆలోచించండి.

దొరికితే వదలకూడని ప్లేటు ఒకటి చెబుతాను. శంకర్ జైకిషన్ల 'రాగా జాజ్ స్టైల్', 1968. మన రాగాలకి జాజ్ చొక్కా తొడిగిన రికార్డు. సితార్ రయీస్ ఖాన్, శాక్సఫోన్ మనోహరి సింగ్, ట్రంపెట్ జాన్ పెరైరా, డ్రమ్సు లెస్లీ గొడీన్హో, పియానో లుసీలా పచెకో. వీళ్లు మీకు తెలీదంటారా? తెలుసు! తారదేవ్ స్టూడియోల్లో రోజూ సినిమా పాటలకి వాయించిన చేతులే ఇవి. మనవాళ్లు ఎగబడి చూసిన 'ఆరాధన'లో, ఆ వానరాత్రి పాటలో శాక్సఫోన్ ఈ మనోహరి సింగ్‌దే. అదే పాటలో అకార్డియన్ కెర్సీ లార్డ్‌ది. పాట విన్నాం, ఊగిపోయాం. పేరు మాత్రం అడగలేదు.

పేరు పోతే...

అమెరికాలో 1937లో ఒక పాటకి ట్రంపెట్ ఎవరు ఊదారో ఇవాళ ఠక్కున చెప్పగలుగుతున్నామంటే, ఎవరో అభిమానులు పనిగట్టుకుని, వాద్యకారులు బతికుండగానే వెళ్లి అడిగి, చిట్టాలు రాసిపెట్టారు కాబట్టి. మన సినిమా పాటలకి ఆ పని చేసినవాళ్లు తక్కువ. చిక్ చాక్‌లెట్ 1967లోనే పోయారు. ఫ్రాంక్ ఫెర్నాండ్ 2007లో, మనోహరి సింగ్ 2010లో, గొన్సాల్వెస్ 2012లో వెళ్లిపోయారు. వాళ్ల పేర్లయినా మిగిలాయి. వాళ్ల పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ల సంగతో?

మద్రాసు స్టూడియోల్లో మన తెలుగు పాటలకి వయొలిన్ పట్టినవాళ్లు, గిటార్ మీటినవాళ్లు, తబలా కొట్టినవాళ్లు ఉన్నారు. వాళ్లలో కొందరు మీ వీధిలోనే పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ ఉండొచ్చు. ఈసారి కనిపిస్తే "మాస్టారూ, మీరు ఏ పాటకి వాయించారు? పక్కనెవరున్నారు?" అని అడగండి. చెప్పింది నోటుబుక్కులో రాసుకోండి. తేదీ వేయండి.

అట్ట లేని రికార్డుకి అట్ట రాయడమంటే అదే మరి!