షికాగో మేడమీద రట్టయిన గుట్టు

షికాగో వెళ్లినవాళ్లు ఏం చూస్తారు? మిషిగన్ సరస్సు చూస్తారు. నూటపది అంతస్తుల విల్లిస్ టవరు ఎక్కుతారు. మనవాళ్లయితే అరోరాలో వెంకటేశ్వరస్వామిని దర్శించుకుని, అక్కడి పులిహోర తిని, ఫొటోలు దిగి వస్తారు. 2018 అక్టోబరులో నేను వెళ్లినప్పుడు మా పెద్దమ్మ కొడుకు సరిగ్గా ఇదే జాబితా తయారుచేసి పెట్టాడు.

"ఇవన్నీ సరే అన్నయ్యా, నన్నో బిలియర్డ్సు హాలుకి తీసుకెళ్లు" అన్నాను.

వదిన కాఫీ కప్పు కిందపెట్టి నా వంక చూసింది. "పదకొండు వేల రూపాయల వీసా ఫీజు కట్టి, సముద్రాలు దాటి వచ్చింది గోళీలాట చూడ్డానికా?" అంది.

ఆవిడకేం తెలుసు? ఆ గోళీలాటతో నాకు తొమ్మిదేళ్ల పాత బాకీ ఉంది. అదేమిటో తర్వాత చెబుతాను. ముందు సినిమా సంగతి.

పాల్ న్యూమన్ పేరు విన్నారుగా? 1961లో వచ్చిన 'ది హస్లర్' అనే బ్లాక్ అండ్ వైట్ చిత్రంలో ఎడ్డీ అనే పూల్ ఆటగాడిగా నటించాడు. పాతికేళ్ల తర్వాత, 1986లో, అదే ఎడ్డీ నడివయసువాడై తిరిగొచ్చాడు 'ది కలర్ ఆఫ్ మనీ'లో. దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ. పక్కన దుడుకు కుర్రాడి వేషంలో టామ్ క్రూజ్. న్యూమన్‌కి ఉత్తమ నటుడిగా ఆస్కార్ తెచ్చిపెట్టింది ఈ రెండో సినిమాయే. దాని షూటింగు చాలా భాగం షికాగోలోనే, నిజమైన పూల్ హాళ్లలోనే జరిగింది. అలా కెమేరా ముందుకొచ్చిన హాళ్లలో ఒకటి మిల్వాకీ అవెన్యూ మీద, క్రిస్ పేరుతో నడిచే బిలియర్డ్సు హాలు. నేను చూడాలనుకున్నది అదే!

మర్నాడు అన్నయ్య ఆఫీసుకు పోతూ రోజ్‌మంట్ స్టేషన్లో దింపాడు. బ్లూ లైన్ రైలు, మూడో స్టాపు జెఫర్సన్ పార్క్. హైవే మధ్యలోంచి పోతుంది ఆ రైలు. అటూ ఇటూ కార్లు, నడుమ మనం! దిగి పది నిమిషాలు నడిచాను. అక్టోబరు చలిగాలి చెవులు కోసేస్తోంది. మెట్లెక్కి పైకి వెళ్తే... అదిగో, వరసగా ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలు, ఒక్కో బల్ల మీదా వేలాడే దీపం. సినిమాలో చూసిన వెలుగే. పగటిపూట కాబట్టి జనం పల్చగా ఉన్నారు. బంతులు తగిలినప్పుడు వచ్చే టక్కు టక్కు తప్ప వేరే చప్పుడు లేదు.

ఒక మూల బల్ల దగ్గర గళ్ల చొక్కా పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఆట ఆడటం లేదు. చిన్న నోటు పుస్తకం చూసుకుంటూ బంతుల్ని అమరుస్తున్నాడు. ఒక బంతి పెడతాడు, దాని నెత్తిన ఇంకో బంతితో మెల్లగా రెండు దెబ్బలు కొడతాడు. అలా కొడితే గుడ్డలో కంటికి కనబడని చిన్న గుంట పడుతుందట, బంతి జారిపోకుండా కూర్చుంటుందట. ఏడు బంతులు అమర్చేసరికి పది నిమిషాలు పట్టింది. ఒంగి, ఒక్క దెబ్బ కొట్టాడు. కన్ను మూసి తెరిచేలోగా నాలుగు బంతులు నాలుగు పాకెట్లలో పడిపోయాయి! నేను చప్పట్లు కొట్టాను.

"ఐదు పడాలి అబ్బాయీ" అన్నాడాయన, నా వంక తిరక్కుండానే.

అలా మొదలైంది మా పరిచయం. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఇంటింటికీ ఉత్తరాలు పంచిన పోస్ట్‌మ్యాన్ ఆయన. ఇక్కడ జరిగిన షూటింగు చూశారా అని ఆశగా అడిగాను. "ఎక్కడ? అప్పుడు నేను సంచీ మోసుకుని తిరుగుతున్నాను" అని నవ్వేశాడు. ఆ ఏడు బంతుల షాట్ ఏ పుస్తకంలోదీ కాదు, సొంతంగా కట్టింది. ఉత్తరాలు ఒక్కో గుమ్మంలో పడ్డట్టు ఐదు బంతులూ వరస తప్పకుండా ఒక్కో పాకెట్టులో పడాలి. నోటు పుస్తకంలో దాని బొమ్మ పదిసార్లు గీసి కొట్టేసి ఉంది. నెలల తరబడి ఐదోది మొండికేస్తోందట.

మీరనొచ్చు, ముందే అమర్చిపెట్టిన బంతుల్ని కొట్టడంలో గొప్పేముందని. నేనూ అదే అడిగాను. ఆయన కోపగించుకోలేదు, క్యూ కర్ర నా చేతికిచ్చాడు.

"ఇవే బంతులు, ఇదే అమరిక. కొట్టు!"

కొట్టాను. ఒక్కటీ పడలేదు. పైగా ఒకటి బల్ల దిగి నేలమీద దొర్లింది!

తెల్ల బంతిని ఎక్కడ తాకాం అన్నదాన్నిబట్టి అంతా మారిపోతుందని అప్పుడు చూపించాడు. నడిమికి పైన తాకితే ఎదుటి బంతిని కొట్టాక కూడా ముందుకే పోతుంది. కింద తాకితే పిలిచినట్టు వెనక్కొస్తుంది. కర్రను దాదాపు నిలువుగా పట్టి బంతి పక్కన పొడిస్తే పాములా వంపు తిరిగి అడ్డున్న బంతిని చుట్టేసి వెళ్తుంది. దాన్ని మాసే అంటారు. కర్ర కొనకి తోలు ముక్క వచ్చాకే ఇన్ని విన్యాసాలు కుదిరాయి. దాన్ని తెచ్చిన ఘనత ఫ్రాన్సుకు చెందిన మింగో అనే సైనికాధికారికి ఇస్తారు. జైల్లో ఉండగా బిలియర్డ్సు సాధన చేసి, బయటికొచ్చి జనాన్ని నోరు తెరిపించాడట. తిరిగే బంతి లెక్కల మీద కొరియోలిస్ అనే గణిత పండితుడు 1835లో ఏకంగా ఓ గ్రంథమే రాశాడు. వదిన అన్న గోళీలాటకి ఇంత వంశచరిత్ర ఉంది మరి!

ఇంతలో నాకు సినిమా గుర్తొచ్చింది. "టామ్ క్రూజ్ షాట్లన్నీ నిజమేనా, డూపా?" అని అడిగాను. మనకి ముందు పుట్టే సందేహం అదే కదా!

చాలావరకు అతనే కొట్టాడు. బాగా సాధన చేశాడు. ఒక్కటి మాత్రం అతనిది కాదు. రెండు బంతుల మీంచి తెల్ల బంతిని గెంతించి అవతలి బంతిని పడగొట్టే షాట్. అది నేర్చుకునేదాకా ఆగితే షూటింగు రోజులు పెరిగిపోతాయని, ఆ ఒక్కటీ సినిమాకు సలహాదారుగా ఉన్న ఛాంపియన్ మైక్ సీగల్ చేత కొట్టించారు. గెంతించడమంటే బంతిని కిందనుంచి ఎత్తడం కాదు. అలా ఎత్తితే తప్పు. పైనుంచి పొడవాలి. గుడ్డ కింద పలకరాయి ఉంటుంది. దానికి తగిలి బంతి ఎగురుతుంది. పెద్దాయన ఒక్క బంతి మీంచి గెంతించి చూపించాడు. నాలుగోసారికి కుదిరింది. మొదటి మూడూ దాచాలని చూడలేదాయన.

'ది హస్లర్'కీ ఇలాగే విల్లీ మొస్కోనీ అనే మహా ఆటగాడు శిక్షణ ఇచ్చాడు. ఆ సినిమా నాటికి న్యూమన్‌కి పూల్ బొత్తిగా రాదు. క్లోజప్‌లో కొన్నిచోట్ల కనిపించే చేతులు మొస్కోనీవే. లావుపాటి ఆటగాడి వేషం వేసిన జాకీ గ్లీసన్ మాత్రం ముందే ఆరితేరినవాడు, తన షాట్లు తనే కొట్టుకున్నాడు.

ఆ సినిమా ఆరంభంలో ఓ సన్నివేశం ఉంది. ఎడ్డీ తాగి తూలుతున్నట్టు నటిస్తూ అసాధ్యమనిపించే షాట్ కొడతాడు. గాలివాటంగా పడిందని తోడుదొంగ ఎగతాళి చేస్తాడు. మళ్లీ అమర్చి పందెం కాస్తారు. ఎడ్డీ కావాలనే తప్పిస్తాడు. ఇంకోసారి అంటే తోడువాడు ఒప్పుకోడు. ఆశపడ్డ బారువాడు నేనున్నానంటాడు. అప్పుడు ఎడ్డీ కొట్టిన బంతి తిన్నగా పాకెట్టులోకే! డబ్బు జేబులోకే!

ఈ సన్నివేశం మాటకొచ్చేసరికి నా గొంతు తడబడింది. పెద్దాయన కనిపెట్టాడు. "ఏం, నీకూ జరిగిందా?" అన్నాడు.

జరిగింది. 2009లో, హైదరాబాదులో బీకాం చదువుతున్నప్పుడు. పేరు చెప్పను గానీ, కాలేజీ దగ్గర్లో ఓ పూల్ పార్లరుండేది. పరీక్ష ఫీజు ఆరు వందల యాభై రూపాయలు జేబులో పెట్టుకుని, కట్టబోతూ దారిలో అక్కడ ఆగాను. ఓ పాతికేళ్లాయన రెండు బంతుల్ని ఒకదానికొకటి ఆనించి పెట్టాడు. ఆ రెండిటి మీదుగా గీత గీస్తే మూడడుగుల అవతలున్న పాకెట్టులోకి పోదు. దానికి ఎడమ పక్కన, రెండు వేళ్ల అవతల గట్టుకు తగులుతుంది. అయినా ఆయన ముందు బంతిని ఎడమ పక్కన మెల్లగా తాకాడు, వెనక బంతి కుడికి ఒదిగి పాకెట్టులో పడింది! మళ్లీ కొట్టాడు, మళ్లీ పడింది.

"ఇదేం పెద్ద ముచ్చట గాదు తమ్మీ, నువ్వు గూడ కొడ్తవ్" అన్నాడు. రెండొందల పందెం. అచ్చం ఆయన చెప్పినట్టే కొట్టాను. తిన్నగా వెళ్లి గట్టుకు తగిలింది. ఇంకో రెండొందలు. అంతే. మిగిలిన రెండొందల యాభై కూడా పోయింది.

ఇంటికి ఫోన్ చేసి బస్సులో జేబు కొట్టేశారని చెప్పాను. నాన్న ఎవరి దగ్గరో అప్పు తెచ్చి మళ్లీ పంపాడు. సెలవులకు సూర్యాపేట వెళ్తే అమ్మ నా ప్యాంట్లన్నిటికీ లోపలి జేబులు కుట్టించింది. ఆ జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు ఒంటిమీద తేళ్లు పాకినట్టుండేది.

అంతా విని పెద్దాయన రెండు బంతులు ఆనించి పెట్టాడు. "కొట్టు" అన్నాడు. ఎడమ పక్కన, మెల్లగా కొట్టాను. మొదటిసారి తప్పింది. రెండోసారి... పడింది! తొమ్మిదేళ్ల కింద పడని బంతి ఇప్పుడెలా పడింది?

"అప్పుడు బంతులు పెట్టింది ఎవరు?"

"ఆయనే."

"ఎలా పెట్టాడో చూపించు."

చూపించాను. నాకు తెలీకుండానే నా వేలు నాలిక మీదికి వెళ్లింది. వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

పెద్దాయన మాట్లాడలేదు. తన వేలు తడి చేసుకుని బంతులు ఆనే చోట రాసి, మళ్లీ పెట్టి కొట్టాడు. బంతి తిన్నగా గట్టుకు తగిలింది. గుడ్డతో తుడిచి పెట్టి కొట్టాడు. పాకెట్టులో పడింది! రెండు బంతుల మధ్య రాపిడి ఉన్నప్పుడే ముందుది పక్కకి జరుగుతూ వెనకదాన్ని తనతోపాటు లాగుతుంది. తడి తగిలితే పట్టు జారిపోతుంది. ఇంతే సంగతి!

మీరడగొచ్చు, వేలు నాకుతుంటే చూసి ఎలా ఊరుకున్నావని. మా నాన్న ఆర్టీసీ కండక్టరండీ! వేలు తడి చేసుకోకుండా టికెట్టు చింపడం ఆయనకి రాదు. పుట్టినప్పట్నించీ చూస్తున్నదాన్ని అనుమానిస్తానా?

"అయితే ట్రిక్ షాట్లంటే ఇంతేనన్నమాట, మోసం" అన్నాను ఉక్రోషంగా.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "రహస్యం మొత్తం ముందే చెప్పేసి కొడతాను నేను. అయినా చూసేవాళ్లు ఆగి చూస్తారు. తడి సంగతి తెలిసినవాడు తెలివైనవాడే, కాదన్ను. కానీ నీకు చెప్పకుండా దాచాడు చూడు, దొంగతనం అక్కడుంది" అన్నాడు.

దాచాడు... ఆ మాట ఆయన అన్నది ఆ పార్లరు ఆసామి గురించే. గుచ్చుకున్నది మాత్రం నాకు.

చీకటిపడేదాకా అక్కడే ఉన్నాను. ఉత్తరాల షాట్ ఇంకో ఆరుసార్లు అమర్చాం. బంతులు పెట్టే పని నాకిచ్చాడు. ఒకసారి ఐదో బంతి పాకెట్టు అంచుదాకా వచ్చి, తొంగిచూసి, ఆగిపోయింది. ఇద్దరం ఒకేసారి "అయ్యో" అన్నాం, ఎవరి భాషలో వాళ్లం. నోటు పుస్తకంలో ఆ బంతి చోటును వెంట్రుకవాసి జరిపి రాసుకున్నాడు. మెట్లు దిగుతుంటే పైనుంచి మళ్లీ టక్కు టక్కుమని బంతుల నెత్తిన కొడుతున్న చప్పుడు వినిపించింది.

అన్నయ్య ఇంటికి చేరి గడియారం చూస్తే రాత్రి ఎనిమిదిన్నర. సూర్యాపేటలో పొద్దున ఏడు. నాన్న అప్పటికే రిటైరయ్యాడు. ఆ వేళప్పుడు పేపరు చదువుతూ ఉంటాడు. ఫోన్ చేశాను. జేబు ఎవరూ కొట్టలేదని, పందెంలో పోగొట్టుకున్నానని, తడివేలి సంగతితో సహా మొత్తం చెప్పేశాను.

అవతల్నించి కాసేపు చప్పుడు లేదు. పేపరు పేజీ తిప్పుతున్న శబ్దం వినిపించింది. ఎలా తిప్పుతున్నాడో నాకు చూడకుండానే తెలుసు!

"ఆరు నూర్ల యాభై గదా?" అన్నాడు చివరికి. ఆ మొత్తం ఆయన మరిచిపోలేదు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు:

"యేలు తడి జేస్కున్నోణ్ణి నమ్మినవంటే, దాంట్ల నా తప్పు గూడ ఉన్నది లేరా."